జీపు అడిగిన అమ్మాయి

"జీపు ఎందుకండీ మీకు?" అన్నాడు ఉమేష్, తల ఎత్తకుండానే.

పెనుకొండ గెస్ట్‌హౌస్ హాల్లో బడ్జెట్ రివ్యూ జరుగుతోంది. కోర్టులకు కుర్చీలు, జైళ్ళకు ఫ్యాన్లు, ఎవరికేం కావాలో అడగడానికి అందరూ వరసగా కూర్చున్నారు. ఉమేష్ ఆర్థిక శాఖ నుంచి వచ్చాడు. హిందూపురం కిరాణా కొట్టు వాళ్ళ అబ్బాయి. నవ్వుతూ ‘లేదు’ అని చెప్పడం అతనికి ఇంటి విద్య.

"తల ఎత్తితే చెప్తా సార్."

ఎత్తాడు. ఎత్తకుండా ఉన్నా బాగుండేది. వానకు తడిసిన జడ, కోపంలో కూడా నవ్వుతున్నట్టుండే కళ్ళు. పేరు సాయిసుధ, ప్రొబేషన్ ఆఫీసరు. మొదటిసారి చిన్న తప్పు చేసినవాళ్ళను కోర్టు జైలుకు పంపకుండా ఇంటికి పంపిస్తే, వాళ్ళు బుద్ధిగా ఉన్నారో లేదో వెళ్ళి చూసుకోవడం ఆమె పని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఆమెవే.

"పోలీసు జీపు ఉండాది కదా మేడమ్. దాంట్లో పోవచ్చు."

"ఒకసారి పోయినా సార్. జీపు ఆగేసరికి ఊరంతా గుమికూడె. మర్నాడే నేను చూసేకి పోయిన పిల్లోన్ని పనిలోంచి తీసేసినారు."

"అయితే బస్సులో పొండి."

"బస్సులోనే పోతాండా. రేప్పొద్దున మీరూ రండి. ఈడ కూర్చోని లేదనేదానికంటే బస్సులో నిలబడి లేదనండి, రవ్వంత పుణ్యమన్నా వస్తాది."

హాలంతా నవ్వింది. ఉమేష్ పై అధికారి సుబ్బారావు గారు దగ్గుతూ నవ్వు దాచుకుని, "వెళ్ళి రావయ్యా, చూస్తే పోయేదేముంది" అన్నారు.

మర్నాడు ధర్మవరంలో బస్సు దిగేసరికి వాన. ఆటోవాడు వీధి మొదట్లోనే దింపేశాడు. ఉన్నది ఒకటే గొడుగు, అదీ సాయిసుధది. ఉమేష్ భుజం ఒకవైపు పూర్తిగా తడిసిపోయింది. ఆ సంగతి అతను గమనించలేదు. గమనించాల్సినవి వేరే ఉన్నాయి మరి.

"ఈడ నన్ను మేడమ్ అనొద్దు," అంది ఆమె గొంతు తగ్గించి. "మురళి అని మగ్గం నేసే పిల్లోడు. వాని కోర్టు సంగతి ఈ వీధిలో ఎవరికీ తెల్దు. నేనెప్పుడొచ్చినా చీరలు చూసేకి వచ్చినట్టు పోతా."

"మరి నేనెందుకొచ్చినట్టు?"

"మూట మోసేకి."

మురళి మగ్గం మీద ఉన్నాడు. సాయిసుధ మెల్లగా అతని యోగక్షేమాలు అడుగుతుండగానే పక్కింటి అవ్వ భానుమతి వచ్చి గుమ్మంలో చతికిలబడింది. ఉమేష్‌ను కిందికీ పైకీ చూసింది.

"ఈ పాప వస్తాది, చీరలు చూస్తాది, ఒక్కటీ కొనకుండా పోతాది. ఏందబ్బా అనుకుంటాంటి. పిల్లోడు కుదరాల్లని ఆగినట్టుండాది. ఏమప్పా, పెండ్లి ఎప్పుడు?"

కాదంటే, మరి మీరెవరని అడుగుతుంది. మగ్గం మీద మురళి చేతులు ఆగిపోయాయి. ఉమేష్ అది చూశాడు.

"ఇంట్లో పెద్దోళ్ళతో మాట్లాడాల్ల అవ్వా," అన్నాడు.

"మాట్లాడు, మాట్లాడు. పాపకు ఏ రంగయితే బాగుంటాది?"

"లేత మామిడాకు రంగు. అంచు ఎర్రగా ఉండాల్ల." ఆలోచించుకోకుండా వచ్చేసింది మాట.

నిన్న హాలంతటినీ నవ్వించిన సాయిసుధకు ఉన్నట్టుండి చీరల మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది; తల వంచుకుంది. మగ్గం మళ్ళీ ఆడింది.

తిరుగు బస్సులో ఉమేష్ అన్నాడు. "జీపు కావాల్సిందే. పోలీసు రంగు, రాత ఏదీ లేకుండా."

"తడిస్తే గాని తెలీలేదు సార్‌కు."

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మొదట జీపు గురించి, తర్వాత తిన్నావా అని, ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా. ‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు.

అంతా బాగుందనుకునే వేళ జీపు ఫైలు చేతులు మారింది. సాయిసుధ ఉమేష్ ఆఫీసుకు ఫోన్ చేస్తే సుబ్బారావు గారు తీశారు.

"ఉమేష్ చూడనన్నాడమ్మా. నేను చూస్తున్నా. నాకైతే జీపు అనవసరం అనిపిస్తోంది."

ఆ రోజు నుంచి ఆమె ఉమేష్ ఫోన్ ఎత్తలేదు. ఆదివారం అతనే హిందూపురం వచ్చాడు. స్టేషన్‌లో ఆమె పెనుకొండ రైలు కోసం నిలబడి ఉంది.

"జీపు కావాల్సిందే అని ఫైలు వదిలేసి పోతివి. ఎవరికి భయపడినావు?"

"నాకే. నీ పేరు చూస్తే ఏమడిగినా ఇచ్చేయాలనిపిస్తాంది. అట్లాంటోడు ఆ ఫైలు పట్టుకోకూడదు. నువ్వంటే నాకిష్టం సుధా. పెండ్లి చేసుకుందామని అడగాలనుండాది. అడిగేవాడు సంతకం పెట్టకూడదు కదా."

ఆ మాట ఆమెకు నచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు.

"నువ్వు పెట్టింటే జీపు వచ్చేదా?"

"వచ్చేది."

"నీ చేతికి మచ్చ రాకూడదని నా జీపు వదిలేసినావు. ఒక్క మాట నాకు చెప్పల్యా. మురళి లాంటోళ్ళ గతేంది?"

"చెప్పాల్సింది. తప్పే."

రైలొచ్చింది. ఎక్కుతూ అంది. "జీపు సంగతి తేలేదాకా నన్నేం అడగొద్దు."

ఆమె ఊరుకునే రకం కాదు. మోకాళ్ళ నొప్పులున్న సుబ్బారావు గారిని పట్టుబట్టి పిలిపించి, బస్సులో, ఆటోలో, బురదలో తిప్పింది. పక్క టేబుల్ దగ్గరే ఉండీ ఆయనతో జీపు ఊసెత్తకుండా ఉండటానికి ఉమేష్ ఎంత అవస్థ పడ్డాడో అతనికే తెలుసు.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"జీపుకు ఒప్పుకున్నారంట. సుబ్బారావు సార్ చెప్పినారు."

"సంతోషం సుధా. అంతా నీ కష్టమే."

"నాదే. నీది రవ్వంత కూడా లేదు."

"లేదు," అన్నాడు, కాస్త చిన్నబుచ్చుకుని.

"ఇంగ నాకు నీ సంతకంతో పని లేదు. నీ మీద కోపం కూడా లేదు. ఇప్పుడడుగు."

"ఏమడగాల్ల?" అన్నాడు. అవసరమైనప్పుడే పనిచేయని బుర్రలు ఇలాగే ఉంటాయి.

"స్టేషన్లో అడగాలనుండాది అంటివే, అది. ఇప్పుడు నేను అవునంటే అది జీపు కోసం కాదు, ఉత్త నీ కోసమే."

ఉమేష్ లేచి నిలబడ్డాడు. ఆఫీసంతా తలలెత్తింది.

"నన్ను పెండ్లి చేసుకుంటావా సుధా?"

"చేసుకుంటా. ఆదివారం మా నాయన తలుపుల ఊర్లో, ఇంటికాడే ఉంటాడు. వచ్చి మాట్లాడు."