దోరకాయ

రూపకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తనకేమన్నా అయితే, మూడేళ్ల పాపను “తిన్నావా?” అని అడిగే మనిషి ఉండదని.

అప్పటికి తను కాక ఆ మాట అడిగేది ఒక్క గంగాదేవే. అక్కా అని పిలిచినా, సొంత అక్క కాదు. రూప భర్త పోయాక, మదనపల్లె మండీలో టమోటాలు ఏరే పనికి పక్కన కూర్చోబెట్టుకుంది. తప్పు చేస్తే వేళ్ల మీద కొట్టేది. సంగటి ముద్ద మాత్రం ముందు పాపకే పెట్టేది.

“పండింది దగ్గిరికి, దోరకాయ దూరానికి. మరిస్తే యీపు పగులుతాది సూడు!”

ఒకనాడు పాపకు జ్వరమొచ్చి, రూప మరిచింది. ఢిల్లీ లారీకి పోవాల్సిన దోరకాయలు కుప్పం బండెక్కాయి. మర్నాడు ఆ బండి నడిపే గిరిబాబు వచ్చి నిలబడ్డాడు.

“ఏమ్మా, ఇట్లాటి కాయలేసినావే? కుప్పంలో నా మొగానే ఇసిరి కొట్టబోయినారు.”

“కొట్టింటే బాగుండు. కాయలు ఎర్రబడకపోయినా నీ మొగమన్నా ఎర్రబడుండు!”

అనేసి నాలిక్కరుచుకుంది. అతడు నవ్వాడు. “పాపకు బాగలేదంట గదా. ఏమన్నా తిన్నాదా?”

రూప తలెత్తి చూసింది.

ఆపైన లోడుకొచ్చినప్పుడల్లా ముందు అదే ప్రశ్న. వానలు తగ్గాక ఒకరోజు, పుంగనూరులో కొన్న బిస్కెట్ ప్యాకెట్ పాపకిచ్చి అన్నాడు. “మన పెండ్లి గురించి మాయమ్మతో మాట్లాడినా. పాపతో కూడా రమ్మనింది.”

రూప పొద్దంతా కాయలు ఏరింది. సాయంత్రం అక్క దగ్గర కూర్చుంది.

“మంచోడే అక్కా. నాకే ప్రేమ ఉండాదో లేదో తెలీదు. భయమైతే ఉండాది.”

గంగాదేవి చేతిలో కాయను తిప్పింది. ఒక పక్క పచ్చన, ఒక పక్క ఎరుపు.

“పండినాంక పంపితే దూరం పోతాదా? దారిలోనే సితికిపోతాది. దోరగా ఉండంగానే పంపాల. పోతాపోతా పండుతాది. తేడా వస్తే తిరిగి రా, నేనుండాను.”

“మరి నువ్వొక్కదానివే ఎట్లుంటావు?”

“నేను పండిన కాయనులే. దగ్గిర్లోనే చెల్లిపోతా!” నవ్వి, మొహం ట్రేల వైపు తిప్పుకుంది.

ఇప్పుడు రూప కుప్పంలో ఉంది. గిరిబాబు బండి దిగి, చెప్పులు విప్పకముందే అడుగుతాడు. “పాప తిన్నాదా? మరి నువ్వు?”

ఆ ‘నువ్వు’ మొదటిసారి విన్ననాడే, కాయ పండిందని రూపకు తెలిసింది.

భయం మాత్రం పోలేదు, మదనపల్లెకు మళ్లింది. పనిలో ఉంటే అక్క ఫోను ఎత్తదు. మీరు ఆ మండీ వైపు పోతే, తలకు ఎర్ర టవలు చుట్టుకుని, కొత్తపిల్లల వేళ్ల మీద కొడుతూ పని నేర్పే మనిషి కనబడుతుంది. “అక్కా, తిన్నావా?” అని అడగండి. తిన్నానంటుంది. నమ్మకండి. టిఫిను గిన్నె మూత తీసి చూడండి.