మూల మంచం రంగు

మధ్యాహ్నానికి రెండో కోటు కూడా పడింది. నాన్న రోలర్‌ను బకెట్ నీళ్లలో కడుగుతుంటే, పిచ్చుక గది మధ్యలో నిలబడి నాలుగు గోడలనూ కళ్లారా చూసుకుంది. నీలంలో బూడిద కలిసిన ముదురు రంగు. పెద్ద వాన వచ్చే ముందు ఆకాశం అలాగే ఉంటుంది.

క్షణం ఊరుకోని నోరు కాబట్టి ఆ పదేళ్ల పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఆ గది తనదీ, ఐదేళ్ల తమ్ముడిదీ. రంగు ఎంచింది మాత్రం తనొక్కతే. "తమ్ముణ్ని కూడా అడిగావా?" అని షాపులో అమ్మ అంటే, "వాడికి ఏదైనా ఒకటేలే" అని ఠక్కున చెప్పేసింది.

సాయంత్రానికి గోడలు ఆరాయి. మంచాలు, బీరువా, చదువుకునే బల్ల మళ్లీ ఎక్కడివక్కడ సర్దారు. పిచ్చుక మంచం కిటికీ పక్కన, తమ్ముడిది బీరువా అవతల మూలలో.

కాసేపటికి తమ్ముడు దిండు చంకన పెట్టుకుని గుమ్మం దాటాడు.

"ఎక్కడికిరా?"

"నాయనమ్మ గదికి. ఇక అక్కడే పడుకుంటా."

"రంగు నచ్చలేదా?"

"నీ దగ్గర బాగుంది. నా దగ్గర బాలేదు."

పిచ్చుకకు అంతు చిక్కలేదు. రెండు చోట్లా ఒకే డబ్బాలోని రంగే కదా?

హాల్లో నాయనమ్మ బట్టలు మడతపెడుతోంది. "నాయనమ్మా, ఒకే రంగు రెండు రకాలుగా ఉంటుందా?"

"నన్నడిగితే ఏం తెలుస్తుందే? వెళ్లి చూడు."

గోడలకు వేసే ముందు, రంగు ఎలా ఉంటుందోనని నాన్న ఒక అట్టముక్కకు పూసి చూశాడు. పిచ్చుక దాన్ని పట్టుకుని తమ గదిలో కిటికీ దగ్గరికి వెళ్లింది. నీలంగా కనిపించింది. గది మధ్యకు తెచ్చింది. బూడిద రంగయింది. బీరువా అవతలికి తీసుకెళ్లేసరికి దాదాపు నల్లబడింది. నమ్మలేక మళ్లీ కిటికీ దాకా వెళ్లొచ్చింది. మళ్లీ అంతే.

అప్పుడు తమ్ముడి మంచం మీద పడుకుని చూసింది. ఒక పక్క బీరువా, రెండు పక్కలా చీకటి లాంటి గోడ. కిటికీ కనబడనే లేదు. కొంచెం సేపటికే లేచి కూర్చుంది.

"నాన్నా, హాలుకి వేసిన తెల్లరంగు మిగిలిందా? తమ్ముడి మూలకి వేద్దాం."

"ముదురు రంగు మీద తెలుపు ఒక పట్టాన ఎక్కదమ్మా. చాలాసార్లు వేయాలి."

"వేస్తాను."

నాన్న డబ్బా తెచ్చి మూత తీశాడు. పిచ్చుక బ్రష్ ముంచబోయి ఆగింది. బ్రష్ కింద పెట్టి నాయనమ్మ గదికి వెళ్లింది.

"ఒరేయ్, నీ మూలకి తెల్లరంగు వేయమంటావా?"

తమ్ముడు దిండు మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "వద్దు. వానరంగే ఉండనీ. బీరువా తీసేయ్. నాకు కిటికీ కనబడాలి."

"తీసి ఎక్కడ పెట్టాలి?"

వాడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. సరిగ్గా పిచ్చుక చదువుకునే బల్ల ఉన్న చోటు. కిటికీ వెలుతురు పుస్తకం మీద పడే చోటు.

పిచ్చుక నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. వాడు ఆశగా తన ముఖంలోకే చూస్తున్నాడు.

"సరేరా," అని బల్ల మీది పుస్తకాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టసాగింది.