ఇద్దరికిచ్చిన ఓటు

రియాద్‌లో శుక్రవారం సెలవు కాబట్టి ఆ ఇంట్లో పొద్దు కాస్త ఆలస్యంగా మొదలైంది. షబ్నమ్ వంటింట్లో బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, ఉగ్గానికి తాలింపు వేస్తోంది. హాల్లో ఆమె భర్త రియాజ్ టీ గ్లాసు పట్టుకుని కూతురు రుఖయ్యాకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఎన్నికల చరిత్ర మళ్లీ మొదటినుంచి చెబుతున్నాడు.

"నేను ప్రొద్దుటూర్లో పలక పట్టుకోని బడికి పోయే కాలంలో ఆ రాష్ట్రమంతా రిపబ్లికన్ల ఏనుగు గుర్తే పాపా. తర్వాత తిరగబడింది. ఆరు ఎన్నికలు వరసగా డెమొక్రాట్ల గాడిద గుర్తు. కార్ల ఫ్యాక్టరీల్లో యూనియనోళ్లు ఎట్ల చెప్తే అట్ల. రెండువేల పదహారులో మళ్ల ఏనుగు. ఎంత తేడాతో? పదకొండు వేల ఓట్లు గూడా లేవు! మనూర్లో రెండు మూడు వార్డుల ఓట్లంత. పోయినసారి మళ్ల గాడిద."

"తెలుసు నాయనా. నూరుసార్లు చెప్పినావు."

"ఇంగోసారి విను. ఆ రాష్ట్రం ఎటు ఒరిగితే అమెరికా అటు ఒరుగుతాది. అట్లాంటి చోట మనింటికి ఒక ఓటుండాది!"

"మనింటికి కాదు. నాకు."

రియాజ్ నవ్వేశాడు. అతను మిషిగన్‌లోని డియర్‌బర్న్‌లో కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసిన రోజుల్లో రుఖయ్యా అక్కడే పుట్టింది. ఉద్యోగం పోయి రియాద్ వచ్చేటప్పటికి ఆమెకు పదేళ్లు. అమెరికా పాస్‌పోర్టు ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. ఇప్పుడు పంతొమ్మిదేళ్లొచ్చాయి, మొదటిసారి ఓటు వచ్చింది. అక్కడి పాత చిరునామా ఓటరుగానే నమోదై ఉంది కాబట్టి బ్యాలెట్ ఈమెయిల్లో పంపారు. ప్రింటు తీసి పెట్టుకుంది. రేపు కొరియర్‌లో వెయ్యాలి.

"గాడిదకేసి పంపించేయ్. మీ రేష్మత్తకు మాటిచ్చినా" అన్నాడు రియాజ్.

రేష్మా అతని చెల్లెలు. ఇప్పటికీ డియర్‌బర్న్‌లోనే ఉంది. ఆమె భర్త తబ్రేజ్ వీసా గడువు ఎప్పుడో దాటిపోయింది. పెట్రోలు బంకులో పని చేస్తూ తలదాచుకుంటున్నాడు. ఏనుగు గుర్తువాళ్లు వస్తే ఇలాంటివాళ్లను ఏరి పంపేస్తారని ఆ ఇంట్లో అందరికీ భయం.

"నేనింకా ఆలోచిస్తాండా నాయనా."

"ఆలోచించేదేముంది? సొంత అత్త!"

బెల్లు మోగింది. ఎదురు ఫ్లాటు ఉమ్మ్ సామీ. ఖర్జూరం బిస్కట్ల పళ్లెం పట్టుకుని నిలబడింది. ఆమెది గాజా. పోయిన చలికాలంలో బాంబులకు ఇల్లు కూలి, ఆమె చెల్లెలు పిల్లలతో సహా దాని కింద ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ఎవరి తలుపూ కొట్టలేదు. ఇవాళ పళ్లెం షబ్నమ్ చేతికిచ్చి, రుఖయ్యా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీ నాన్న చెప్పాడు తల్లీ" అంది అరబ్బీలో. "ఆ బాంబులు పంపిన ప్రభుత్వానికి నీ ఓటు వెయ్యవట కదా. మా చెల్లెలి తరఫున ఈ లోకంలో ఒక్కరైనా ఉన్నారు. అది చాలు నాకు."

రుఖయ్యాకు స్కూల్లో నేర్చుకున్న అరబ్బీ చాలు, ప్రతి మాటా అర్థమైంది. ఆ ప్రభుత్వం గాడిద గుర్తువాళ్లదే. తండ్రి వైపు చూసింది. అతను టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

ఆమె వెళ్లాక రుఖయ్యా తలుపు మూసి, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆమెకేం చెప్పినావు నాయనా?"

"మెట్ల కాడ ఏడుస్తా అడిగింది పాపా. అబ్షిర్ అన్న్యా. ఈడ అందరూ అనే మాటే గదా, అట్లే కానీ అని. కడుపు కాలిపోయినామెను మొగం మీద కాదంటామా?"

"అత్తకు?"

"ఆమె ఫోన్లో ఏడ్సింది. సరే అన్న్యా."

షబ్నమ్ పళ్లెం టేబుల్ మీద ఠక్కున పెట్టి భర్త వైపు తిరిగింది. "మీ నాయన పీర్ సాహెబూ ఇంతే. వాకిట్లోకొచ్చిన ప్రతి పార్టీవోనికీ 'మా ఇంట్లో ఓట్లన్నీ నీకే నాయనా' అని టీ ఇచ్చి పంపుతాండె. పోలింగు పొద్దున మమ్మల్నందర్నీ నిలబెట్టి గుర్తు చెప్తాండె. నేను ఇన్నిసార్లు వేసినా, ఒక్కసారి గూడా ఎవురికెయ్యాలని తలకాయ గోక్కోలే."

"దాండ్లో తప్పేముంది? ఇంటి గౌరవం అది!"

"ఆ గౌరవానికి టీపొడి నేను కొంటాంటి. మీకేం, చెప్తారు."

జుమ్మా నమాజు నుంచి రియాజ్ వచ్చేసరికి రేష్మా వీడియో కాల్ మోగింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు.

"పంపినావా తల్లీ?" అంది రేష్మా, పలకరింపు కూడా లేకుండా. "మీ మామ రాత్రి నిద్రపోలే. కింద ఎవురో తలుపు కొడితే బాత్రూములో పోయి కూచున్నాడు. పిజ్జా పిల్లోడు వాడు."

నవ్వబోయి ఏడ్చింది. రుఖయ్యా ఫోను దగ్గరికి తీసుకుంది.

"అత్తా, నాయన ఎదురింటి గాజా ఆమెకు గూడా మాటిచ్చినాడంట. నేను గాడిదకెయ్యనని."

తెర మీద రేష్మా ముఖం కదలకుండా ఆగిపోయింది. నెట్ ఆగిందేమో అనుకున్నారు. ఆగలేదు.

"నిజమేనా అన్నా?"

"అది గాదు రేష్మా, ఆమె చెల్లెలు, పిల్లలు బాంబుల కింద..."

"చచ్చిపోయినోళ్ల కోసం బతికుండేవాణ్ణి పట్టిస్తావా? నా మొగుడు గదన్నా వాడు. నీ చేత్తో పెండ్లి జేస్తివి గదన్నా."

కాల్ తెగింది.

రియాజ్ సోఫాలో కూలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు. "పాపా, ఓటు రహస్యం గదా. నీకు తోచినోళ్లకెయ్యి. అత్తకు నువ్వు చెప్పినట్లే ఏసినామని చెప్తాం, ఎదురింటామెకూ అట్లే చెప్తాం. ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది. మెట్ల మీద కనపడినప్పుడల్లా ఆమె నా మొగం పట్టుకుంటాది. శుక్రవారం శుక్రవారం అత్త దీవిస్తాది. ఇద్దర్లో ఒకరి దగ్గర దొంగను నేను, నువ్వు కాదు." రుఖయ్యా కళ్లు నిండాయి. "నా దగ్గర లేనిది ఇమ్మంటే ఇయ్యలేనని చెప్పొచ్చు నాయనా. ఉన్న ఒక్కదాన్నీ నన్నడక్కుండా రెండుసార్లు ఇచ్చేస్తివి."

రియాజ్ ఏదో అనబోయాడు. షబ్నమ్ భర్త చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"లేయండి. ఎదురింటికి పోయి చెప్పి రాండి."

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం రియాజ్‌కు తెలియదు. వాళ్ల నాన్నకూ తెలియదు. కూతురు వెనక నిలబడగా బెల్లు కొట్టాడు. ఉమ్మ్ సామీ తలుపు తీసింది. ఆ ఓటు తనది కాదని, మాటిచ్చే హక్కు తనకు లేదని, అక్కడ చెల్లెలికి కూడా మాటిచ్చానని తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నీ చెల్లెలు బతికుందా?" అని అడిగింది.

"ఉంది."

"అల్‌హమ్‌దులిల్లాహ్." దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని తలుపు రెక్క పట్టుకుంది. "మరి నాతో అబ్షిర్ అని ఎందుకన్నావు? ఆ రాత్రి నేను నిద్రపోయాను. చాలా రోజుల తర్వాత."

ఆమె కోప్పడలేదు. చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం రుఖయ్యా గదిలో కూర్చుని బ్యాలెట్ నింపింది. బయట షబ్నమ్ భర్తను అడిగింది, ఎవురికేసిందో అని. "ఒద్దు, అడగొద్దు" అన్నాడు రియాజ్. మర్నాడు కూతుర్ని కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లి, తను కారులోనే ఉండిపోయాడు.

నవంబరులో మిషిగన్ ఏనుగు వైపు ఒరిగింది. తేడా ఎనభై వేలు. రుఖయ్యా ఓటు ఎటు పడి ఉన్నా ఆ లెక్కలో కనిపించేది కాదు. గాజాలో బాంబులూ ఆగలేదు. ఉమ్మ్ సామీ మెట్ల మీద సలాం చెప్పి తల వంచుకుని వెళ్లిపోతోంది. రేష్మా ఫోను ఎత్తడం మానేసింది. తబ్రేజ్ పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడని ఎవరిద్వారానో తెలిసింది.

ఒక శుక్రవారం పొద్దున రియాజ్ టీ తాగుతూ గోడకేసి చూస్తున్నాడు. మిషిగన్ మాట అతని నోట వచ్చి చాలా రోజులైంది. రుఖయ్యా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాయనా, ఎవరికేసినానో అడగవా?"

"అడగను పాపా. ఆ హక్కు నాకు లేదు."

"అడుగు నాయనా." ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అత్త నన్ను తిట్టుకుంటాంది. ఎదురింటామె నన్ను చూడలేకపోతాంది. ఎటేసినా ఒకరికి ద్రోహమే. నేనొక్కదాన్నే మోయలేకుండాను."

రియాజ్ గ్లాసు కింద పెట్టాడు. కూతురి వైపు చూశాడు. ఈ బరువు తను పెట్టినదే. ఇద్దరి కన్నీళ్లు చూడలేక రెండు తియ్యటి మాటలు చెప్పి, ఆ కన్నీళ్లన్నీ ఈ పిల్ల ఒళ్లో పోశాడు. తన తండ్రి కూడా జీవితమంతా అలాగే అందరినీ సంతోషపెట్టాడు.

"ఎవురికని అడగను" అన్నాడు. "ఆ సాయంత్రం ఆ గదిలో ఏమనుకున్నావో చెప్పు. ఎంతసేపైనా వింటా."

రుఖయ్యా చెప్పడం మొదలుపెట్టింది. బాత్రూములో దాక్కున్న మామ గురించి, తను ఎన్నడూ చూడని ఆ గాజా పిల్లల గురించి, పెన్ను పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో ఆ ఏడుపు గురించి. వంటింట్లో షబ్నమ్ పొయ్యి ఆపేసి గుమ్మంలోకొచ్చి నిలబడింది. రియాజ్ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. కానీ కూతురు చెప్పినంతసేపూ, అన్నీ తనకే తెలిసినట్టు మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు.