బుద్ధి పొట్లం

"ఆస్పత్రి కొత్త కరెంటు కన్వర్టర్‌ని పేల్చడానికి విదేశీ ముఠా ఒకటి దిగింది. వాళ్ల మనిషి లోపలే ఉన్నాడు," అంది డైరెక్టర్ పెంగ్, టీ కప్పు మూత తీస్తూ. "రేపు పొద్దున స్విచ్ వేస్తారు. ఐసీయూ మొత్తం దాని మీదే. పట్టుకో."

"నేనొక్కణ్ణేనా మేడమ్?"

"అక్కడ డిజైన్ ఇంజినీరుగా మన ఏజెంట్ యూఫెన్‌ని పెట్టాంగా. మొహం చూడు, ఎలా వెలిగిపోతోందో!"

ఏజెంట్ కో సిగ్గుపడ్డాడు. యూఫెన్‌ని పెళ్లాడాలని అతని ఆశ.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో కో సించూ నగరంలోని ఆ ఆస్పత్రి సెల్లార్‌లోకి దిగాడు. ఎర్రటి లిప్‌స్టిక్‌తో యూఫెన్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"వాన పడేలా ఉంది," అన్నాడు.

"గొడుగు అమ్మేశాను." కోడ్ సరిపోయింది. "ఏం వేషమోయ్! మా ఇంటి ఏసీ కూడా చూసి పో. ఇదిగో సిమ్యులేషన్. ఫిల్టర్ దాటిన కరెంటు ఎంత నున్నగా ఉందో చూడు. నిన్నటికన్నా బాగుంది."

అలా అంటూనే కన్వర్టర్ మీదున్న ఆకుపచ్చ పొట్లం అందుకుని చించింది. "ఆకలేస్తోంది. తింటావా?"

ఆ మొక్కజొన్న చిరుతిండి పేరుకు అర్థమే 'బుద్ధిగా ఉండు' అని. యంత్రం బుద్ధిగా నడవాలని సించూలో ప్రతి దాని మీదా ఆ పొట్లం పెడతారు. రంగు పచ్చగానే ఉండాలి, గడువు తేదీ దాటకూడదు. ఆకలితో చచ్చేవాడు కూడా దాని మీద చెయ్యి వెయ్యడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగానన్న యూఫెన్ కరకరా నములుతోంది.

"డెడ్ టైమ్ ఎంత పెట్టావ్?" అన్నాడు మెల్లగా.

కన్వర్టర్‌లోని జంట స్విచ్‌లలో ఒకటి పూర్తిగా ఆగాకే రెండోది ఆన్ అవ్వాలి. ఆ సందే డెడ్ టైమ్. అది తీసేస్తే కంప్యూటర్‌లో కరెంటు అల ఇంకా అందంగా వస్తుంది, ఎందుకంటే అక్కడి స్విచ్‌లు క్షణంలో ఆగిపోతాయి. నిజం స్విచ్‌లు అంత వేగంగా ఆగవు. రెండూ ఒకేసారి ఆన్ అయి పేలిపోతాయి.

"సున్నా," అంది యూఫెన్. లిప్‌స్టిక్ గొట్టంలా ఉన్న తుపాకీ తీసి అతని గుండెకు గురిపెట్టింది. "కదలకు."

పైనుంచి స్పీకర్‌లో, స్విచ్ వెయ్యడానికి లెక్కపెడుతున్న ఆస్పత్రి సూపరింటెండెంట్ గొంతు: "అయిదు... నాలుగు..."

"ఫెన్! పైన ఊపిరి మెషీన్ల మీద మనుషులున్నారు!"

"ఫెన్ నా పేరు కాదు."

"మరి ప్రేమ? అదీ సిమ్యులేషనేనా?"

"బాగానే వచ్చిందిగా?"

గొంతు కోసినా అంత నొప్పి ఉండదు. "ఒకటి..." కో పక్కకి దూకి కన్వర్టర్‌ని ఆపే ఎమర్జెన్సీ బటన్ గుద్దాడు. లిప్‌స్టిక్ తూటా గోడలో దిగింది. కన్వర్టర్ కిక్కురుమనలేదు. అతని కాలర్ మైక్‌లో అంతా విన్న పెంగ్ మనుషులు లోపలికి దూకి ఆమెను పట్టుకున్నారు. తీసుకెళ్తుంటే ఆమె ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందని కో చూశాడు. తిరగలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

డెడ్ టైమ్ సరిచేశాక, కో ఆస్పత్రి కొట్టునుంచి రెండు పచ్చ పొట్లాలు తెచ్చాడు. తేదీ చూసి ఒకటి కన్వర్టర్ మీద పెట్టాడు. యంత్రం బుద్ధిగా నడిచింది.

"రెండోది ఎందుకు నాయనా?" అంది చూడ్డానికొచ్చిన పెంగ్.

"ఈసారి పెళ్లిచూపుల్లో టీవీ మీద పెడతా మేడమ్. పిల్ల దాని మీద చెయ్యేస్తే లేచి వచ్చేస్తా."