చప్పుడు లేని బండి

“ఇందులో రేడియో లేదు, టచ్ స్క్రీన్ లేదు, కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. రంగు కూడా బూడిద రంగొక్కటే. ఇంకేం చూద్దామని నాలుగోసారి వచ్చారు సార్?”

షోరూమ్ అమ్మాయి మొహం మీదే అడిగేసరికి గుడ్ల వ్యాపారి తడబడ్డాడు.

ఆ ఎలక్ట్రిక్ పికప్ తనకు సరిపోతుందని అతనికి మొదటి రోజే తెలుసు. చెడిపోయే హంగులు లేవు, సరుకు పట్టే చోటు ఎక్కువ. ఇంటి దగ్గరున్న డీజిల్ బండి దగ్గుతూ దారిలోనే కూలబడుతోంది. అడ్డల్లా ఒక్కటే. బండి కొనేస్తే ఇక్కడికి రావడానికి సాకు ఉండదు. ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోయే లాభం ఏ వ్యాపారికి నచ్చుతుంది?

“ఛార్జింగ్ గురించి ఒక డౌటు...”

“పోయినసారే తీర్చాను.”

“టైర్లు?”

“అవి అంతకు ముందుసారి. కొంటారా, ఊరికే నాచేత వాగిస్తారా?”

“గుడ్లు పెట్టి తోలి చూడాలి మేడమ్. ఒక్కటి చిట్లినా మా నాన్న ఒప్పుకోరు.”

“అయితే ఇవాళే పెట్టండి. నేనూ వస్తా. సాయంత్రానికి తేల్చకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తాం.”

కోళ్ళ ఫారం దగ్గర గుడ్ల ట్రేలు ఎక్కించి, పైన టార్పాలిన్ కట్టి బయల్దేరారు. సన్నగా వాన. ఆమె తన వైపు కిటికీ అద్దం పైకి తిప్పుతూ అతన్ని ఓరగా చూసింది. అతను గేరు కోసం వెతికి, లేదని గుర్తొచ్చి, ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక జుట్టు సవరించుకున్నాడు.

అతను రోజూ గుడ్లు వేసే మొదటి కొట్టు ముందు ఆగారు. ఎవరూ బయటికి రాలేదు. రెండో కొట్టు దగ్గరా అంతే.

అప్పుడు వెలిగింది అతనికి. “పాత బండి మోత విని అందరూ బయటికొచ్చేవాళ్ళు. ఇది వచ్చినట్టే తెలీదు.”

“హారన్ కొట్టండి.”

“హారన్ ఎవడైనా కొడతాడు. గుడ్లొచ్చాయని ఎలా తెలుస్తుంది?”

ఇన్నాళ్ళూ లేని లోపాలు వెతికినవాడికి ఇప్పుడు నిజమైన లోపమే దొరికింది. దొరికాక ప్రాణం ఉసూరుమంది.

ఆమె అద్దం దించి, తల వానలోకి పెట్టింది. “గుడ్లొచ్చాయండోయ్! గుడ్లూ!”

టపటపా తలుపులు తెరుచుకున్నాయి. కిరాణా కొట్టాయన నవ్వాడు. “బండితో పాటు పిలుపు కూడా మార్చేశావే!”

వీధి చివర అతను బండి ఆపాడు. “మేడమ్, కంపెనీ ఇవ్వనిది ఒకటి అడగొచ్చా? ఆ పిలుపు... రోజూ కావాలి.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “అది ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ సార్. పెద్దవాళ్ళు వచ్చి మాట్లాడాలి.”

“ముందు మీకిష్టమేనా?”

“మీరొచ్చినప్పుడల్లా నేనే ఎందుకు ఎదురొస్తున్నాననుకున్నారు? ఈ కస్టమర్ జోలికి ఎవరూ వెళ్ళొద్దని అందరికీ చెప్పిపెట్టాను.”

అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆఖరున అతని సొంత కొట్టు. ఆమె మళ్ళీ పిలిచింది. తండ్రి బయటికొచ్చి, మిగిలిన ట్రేలన్నీ ఎత్తి చూసి తలాడించాడు.

“ఒక్కటీ చిట్లలేదు. తీసుకుందాంరా. రేపు మీ అమ్మని కూడా తీసుకెళ్దాం.”

“బండి కొనడానికి అమ్మెందుకు నాన్నా?”

“బండి సంగతి తేలిపోయింది కదరా!” అని తండ్రి బండిలోకి వంగాడు. “అమ్మాయ్, మీ ఇల్లెక్కడ?”