నూనె గొట్టంలో గాలి

పాత డీజిలు కారది. చిప్స్ కొట్టులో వేయించగా మిగిలిన నూనె మీద నడుస్తుంది. దాన్నలా మార్చింది ఇద్రిస్ మొదటి భార్య నెస్తా. డిక్కీలో రెండో ట్యాంకు, అక్కణ్ణించి ఇంజను దాకా గొట్టాలు, డీజిలు నుంచి నూనెకి మార్చే స్విచ్చి, అన్నీ తన చేతులతోనే బిగించింది. ఆవిడ పోయి మూడేళ్లు. మెరెరిద్ అతణ్ణి పెళ్లి చేసుకుని ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఆ కారు మెరెరిద్ చేతిలో ఒక్కసారీ సాఫీగా కొండ ఎక్కలేదు.

"నెస్తాకి ఎప్పుడూ ఆగలేదు," అన్నాడు ఇద్రిస్, ఆమె నూనె డబ్బాలు తేవడానికి బయల్దేరుతుంటే. "నీ చెయ్యి దానికి పడదేమో."

"దానికా, ఆవిడకా?"

అతను నవ్వాడు. కారు బానెట్‌ని అరచేత్తో నిమిరాడు. మెరెరిద్‌కి ఒళ్లు మండింది. తనని ఏనాడూ అంత మెత్తగా తాకలేదు.

తిరిగొచ్చేటప్పుడు, మూడింటికే, కొండ మీద పొగమంచు దిగింది. ఇంజను వేడెక్కాక నూనెకి మార్చింది. రెండు నిమిషాలు... కారు దగ్గి, కుదుపులిచ్చి, ఆగిపోయింది.

డీజిలుకి మార్చితే నడిచింది. నూనెకి మార్చితే ఆగింది. అంటే లోపం నూనె వైపే. ఫిల్టరు నిన్ననే వేసిన కొత్తది. బానెట్ ఎత్తి, లోపలి నూనె కనిపించే గాజులాంటి గొట్టం ముక్కలోకి చూసింది. బుడగలు. ఎక్కడో గాలి చొరబడుతోంది.

ఒక్కో క్లిప్పూ తడుముకుంటూ డిక్కీ దాకా వెళ్లింది. ట్యాంకు దగ్గర క్లిప్పు స్క్రూ పూర్తిగా వదులై ఉంది. పొద్దున మణికట్టు నొప్పెట్టేలా తనే బిగించింది దాన్ని. ఇప్పుడు ముట్టుకుంటే వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే వేళ్లు తీసినట్టు.

మళ్లీ బిగించింది. ట్యాంకు మీద నెస్తా చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది. "ముందు వేడెక్కనివ్వు, ఇద్రిస్ బంగారం."

మెరెరిద్ దాన్ని గోటితో గీకి పీకేసింది.

"ఇక ఇది నాది," అంది పైకే.

మంచులో అప్పటిదాకా వినిపిస్తున్న గొర్రెల అరుపులు ఆగిపోయాయి. వేపుడు చేపల వాసన... తడి ఉన్ని వాసన... మెడ వెనక చల్లటి ఊపిరి.

"సరే... కారు నువ్వే ఉంచుకో."

గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. మంచు తప్ప ఏమీ లేదు.

కారెక్కి స్టార్టు చేసి నూనె స్విచ్చి నొక్కింది. దగ్గు లేదు. కుదుపు లేదు. కారు వెన్నలా కొండెక్కింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి.

కొండపైన ఫోనుకి సిగ్నలు అందింది. ఇంటికి చేసింది. భయం కంటే గెలుపే ఎక్కువగా ఉంది గొంతులో.

"ఇద్రిస్, బాగుచేశాను."

"ఎవరు కావాలండీ?"

"నేనే. మెరెరిద్‌ని."

అవతల కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు. అతను రిసీవరు పక్కకి పెట్టి ఎవరితోనో అన్నాడు. ఎనిమిది నెలలుగా ఆమె అతని నోట తన కోసం వినాలని తపించిన మెత్తటి గొంతు అది.

"ఎవరో రాంగ్ నంబరు, నెస్తా."