కడుపులో సీతాకోకచిలుకలు

“ఎవరూ అర్థం చెప్పకూడదు. చీటీలో వచ్చినదాన్ని నోరు మూసుకుని నటించాలి, మిగతావాళ్లు కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే నటించినవాళ్లే అందరి ముందూ తెలుగులో విడమరిచి చెప్పాలి.”

ఇంగ్లీషు జాతీయాలు నేర్పడానికి టీచరమ్మ పెట్టిన పద్ధతి ఇది. ఆమె ఇంటి ముందు గదే క్లాసు రూము. లిఫ్టు లేని మూడో అంతస్తు. అయినా రోజూ అందరికంటే ముందు ఎక్కి వచ్చేది లిఫ్టు మెకానిక్కే.

చేరిన రోజే ఇద్దరికీ పడలేదు.

“మీకు ఇంగ్లీషెందుకండీ?”

“లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు కంగారులో ఇంగ్లీషే మాట్లాడతారండీ. బయటనుంచి నేను ధైర్యం చెప్పాలి కదా!”

“మీరు రిపేరు సరిగ్గా చేస్తే అసలు ఇరుక్కోరుగా!”

అతనికి ఒళ్లు మండింది. వారం తిరిగేసరికి ఆ మంట కాస్తా ఇంకేదో అయి కూర్చుంది. ఇవాళ ఆఖరి క్లాసు. ఇవాళ చెప్పకపోతే రేపట్నుంచి ఈ మెట్లెక్కడానికి సాకు కూడా ఉండదు.

చీటీ తీశాడు. ‘బటర్‌ఫ్లైస్ ఇన్ ది స్టమక్.’ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడో, మనసైన మనిషి ఎదురైనప్పుడో లోపల పుట్టే గాభరా అన్నమాట. అతను ఇంటర్వ్యూని వదిలేసి రెండోదాన్నే పట్టుకున్నాడు.

టీచరమ్మ వైపు వేలు చూపించి, పొట్ట దగ్గర రెండు చేతులూ రెక్కల్లా ఆడించాడు.

“ఆకలా?” అంది టీచరమ్మ.

కాదన్నట్టు తలూపాడు. మళ్లీ ఆమెనే చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుని కళ్లు తేలేశాడు.

“గ్యాసా?”

క్లాసు గొల్లుమంది. ముందు వరసలో నర్సు లేచింది. “టీచర్, నాకు తెలిసిపోయింది...”

“మీరాగండి! జల్లు కొడుతోంది, ముందు ఆ కిటికీ వేయండి.” టీచరమ్మ అతని వైపు తిరిగింది. “మావల్ల కాలేదండీ. మీరే చెప్పండి.”

అతను చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నాడు.

“ఇంగ్లీషువాళ్లకైతే కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయటండీ. మిమ్మల్ని చూస్తే నాకు గుండెల్లో రైళ్లే పరిగెడుతున్నాయి. మీరంటే నాకు చాలా ఇష్టం. కాదంటే చెప్పేయండి, మళ్లీ ఈ మెట్లెక్కను.”

వంటింటి గుమ్మంలోంచి టీచరమ్మ తల్లి గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

“ఇంగ్లీషు ముక్క రాని నాకే ఇందాక అర్థమైపోయింది కదే! పాఠాలు చెప్పేదానివి, నీకు తెలీలేదా?”

టీచరమ్మ మొహం చెవులదాకా ఎర్రబడింది.

“మొదట్లోనే తెలిసిందమ్మా. ఆయన నోటితో వినాలనిపించింది.”